వరండాలోంచి ఎగిరిన డ్రోను

ఆ రోజుల్లో నాకు భయం తక్కువ, నోరు ఎక్కువ. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఎమ్మిగనూరులో మా ఇంటిల్లిపాదీ మగ్గం నేసేవాళ్లే. నేనొక్కదాన్నే డ్రోను ఎగరేయడం నేర్చుకొని, ఆదోనిలో పత్తి చేలకు మందు కొట్టే డ్రోన్లు బాడుగకిచ్చే చిన్న సంస్థలో చేరినాను. (మా మేనత్త మాత్రం "మా పిల్ల గాలిపటాల కొలువులో చేరింది" అని ఊరంతా చెప్పుకొని బాధపడేది.) మా యజమానిని సేటు అనేవాళ్లం. ఒకరోజు ఆయన పిలిచి, "పెద్దకడుబూరు పక్క పల్లెలో హైస్కూలు పిల్లోళ్లకు డ్రోనంటే ఏందో చూపించి రా పోమ్మా" అన్నాడు. మందు కొట్టే పెద్ద డ్రోను, అరచేతిలో పట్టే చిన్న డ్రోను రెండూ ఆటోలో వేసుకొని పోయినాను.

బడిలో నాకు ఎదురైనవాడు ఆటల మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు ఈల సారు, మాటకంటే ముందు ఈల వస్తుంది కాబట్టి. ఆయన ఒక ఈలతో మగపిల్లల్ని మైదానంలో నా చుట్టూ నిలబెట్టి, ఇంకో ఈలతో ఆడపిల్లల్ని వరండాలోకి తోలినాడు. "వాళ్లనెందుకు సార్ ఆడికి పంపినారు?" అన్నాను. "ఆడపిల్లోళ్లు గదమ్మా, రెక్కలు తగిలితే ఎవరు జవాబు చెప్పాల? ఆడ్నించే చూస్తార్లే." నాకు ఒళ్లు మండింది. "నేనూ ఆడపిల్లనే గద సార్!" అని రిమోటు పట్టుకొని నేరుగా వరండాలోకి నడిచినాను. మెట్ల మీద నిలబడి మగపిల్లల్ని కేకేసినాను. "రెక్కలు మీకూ తగుల్తాయి, మీరూ ఇటే రాండి!" ఎండలో మాడుతున్నవాళ్లు, రెండోసారి చెప్పించుకోలేదు.

డ్రోను ఎందుకు పనికొస్తుందని అడిగితే, "పెండ్లిలో వీడియో తీసేకి అక్కా!" అన్నారు. "దేవరగట్టు కర్రల పండగలో జనాల్ని చూసేకి పోలీసోళ్లు గూడ ఎగరేస్తారు" అన్నాడొకడు. వరదలో చిక్కుకున్నవాళ్లను వెతకడానికి, పొలాలు కొలవడానికి, దారి లేని ఊళ్లకు మందులు పంపడానికి కూడా అని చెప్పినాను. "మీ ఇండ్లల్లో చేలకు కొట్టే మందు డబ్బా వీపున మోసేవాళ్లు ఎవరుండారు?" అంటే దాదాపు అన్ని చేతులూ లేచినాయి. "ఇంక ఆ బరువు ఈ పెద్దది మోస్తుంది" అన్నాను.

పెద్ద డ్రోనులో వట్టి నీళ్లు పోసి, పక్కనున్న పత్తి చేను మీదికి పంపినాను. కోపంతో ఉన్న ఈల సారు నడుమున చేతులు పెట్టుకొని చేను గట్టున నిలబడినాడు. "సార్, గాలి మీ పక్కకే తిరుగుతాంది, ఇటు రాండి!" "గాలి సంగతి నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు. గాలి మాత్రం ఎవరి మాటా వినలేదు. తలనుంచి బూట్లదాకా తడిసి ఆయన ఈల ఊదితే, మోత బదులు నీళ్లు బుడబుడమన్నాయి. బడి బడంతా పడీపడీ నవ్వింది.

డ్రోను దించేసి, ఆ నవ్వుల్లోనే చిన్నదాన్ని తీసి, "ఎవరెగరేస్తారు?" అన్నాను. స్తంభం దగ్గరున్న రెండు జడల పిల్ల "నేనక్కా!" అంది. స్నేహితురాళ్లు "వద్దే, వద్దే" అని దాని చెయ్యి లాగుతున్నారు. (ఎందుకో నాకప్పుడు తెలీదు.) రిమోటు చేతిలో పెట్టి, ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పినాను. డ్రోను తూలుతూ మైదానం మీదికి లేచింది. అంతలో సారు నీళ్లోడుతూ పరుగున వచ్చి మైదానం నడుమ నిలబడినాడు. "ఏయ్, దించు! ఎవరు చెప్పినారు నీకు?" డ్రోను ఒక పక్కకు ఒరిగింది. రిమోటు తీసుకోబోయినాను. ఆ పిల్ల ఇవ్వలేదు. డ్రోను మీదనుంచి కళ్లు తిప్పకుండానే, "నాయనా, పక్కకు జరుగు. ఆడనే దించాల" అంది.

అప్పుడు తెలిసింది, అది ఆయన కూతురని.

సారు కూతుర్ని చూసినాడు, డ్రోనును చూసినాడు. పక్కకు జరిగినాడు. డ్రోను నెమ్మదిగా నేల మీద వాలింది. ఆయన చప్పట్లు కొట్టినాడని రాస్తే బాగుంటుంది గానీ, కొట్టలేదు. చేతిగుడ్డతో ముఖం మాత్రం చాలాసేపు తుడుచుకున్నాడు.

సాయంత్రం సేటు ఫోను. "సారు కోపంగా ఉండాడంట. క్షమించమని ఒక మాట చెప్పమ్మా." "నీళ్లు పడినందుకు చెప్తాను సేటూ. వరండా మాటకు చెప్పను, పనిలోనుంచి తీసేసినా సరే." సేటు నవ్వినాడు. "రేపు తుగ్గలి బడికి పోవాల. ఆడ గూడ ఇట్లనే చేస్తావా?" "ఆడ గూడ ఆడపిల్లల్ని వెనక్కి తోలితే, చేస్తాను."

ఇప్పుడు నాకూ మర్యాదలు అబ్బినాయి. ఏదైనా మీటింగులో నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "అట్లే కానీండి సార్" అనడం నేర్చుకున్నాను. అట్లా మింగిన ప్రతిసారీ ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఇప్పటి నన్ను చూస్తే అది ఏమంటుందో నాకు బాగా తెలుసు. నవ్వొస్తుంది. నవ్వుతూనే, "ఒక్క నిమిషం సార్" అని చెయ్యెత్తుతాను.