గ్రాండ్ ఆంటీ క్విల్టూ, నా గ్లవ్సూ

కాపురం కొత్తలో మనిషికి రాని విద్య ఉండదు. ఆ రోజుల్లో ఎవరు ఏది అడిగినా ముందు "వచ్చు" అనేసి, ఆ తర్వాత ఆ పని ఏమిటో కనుక్కునేదాన్ని. మావారికి ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి, ఆయన వెనకాలే నేనూ వచ్చి, ఊరి చివర ఒక అద్దె ఇంట్లో దిగిన కాలం అది. నాకింకా ఉద్యోగం దొరకలేదు. పగలంతా కిటికీలోంచి వాన చూడటం, సాయంత్రం మావారు రాగానే ఆ వాన గురించి ఆయనకు చెప్పడం, ఇదే నా పని. (ఆయన ఆ వానలోనే తడిసి వచ్చేవారు కాబట్టి నా వార్తల్లో కొత్తదనం తక్కువ.)

పక్కింట్లో భర్త పోయిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అనేది, వాన ముంచెత్తుతోందంటే "గ్రాండ్" అనేది, నేనిచ్చిన ఆవకాయ నోట్లో పెట్టుకుని కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా "గ్రాండ్, గర్ల్, గ్రాండ్" అనేది. మన అలవాటు కొద్దీ ఆంటీ అని పిలిస్తే, మొదటిసారి తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది. ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడ పేరు గ్రాండ్ ఆంటీగా ఖాయమైపోయింది.

ఒకరోజు ఆవిడ నన్ను లోపలికి పిలిచి ప్రెస్ తెరవమంది. (ఇక్కడివాళ్ళు అల్మారాని ప్రెస్ అంటారు. నేను ఇస్త్రీపెట్టె కోసం వెతికాను.) అందులో మడత పెట్టి ఉంది ఒక పెద్ద దుప్పటంత గుడ్డ. పోయిన భర్త చొక్కాలన్నీ చదరాలుగా కత్తిరించి, ఒకదానికొకటి జోడించి, ఎన్నాళ్ళో కూర్చుని కుట్టిందట. సరిగ్గా నడుమ నీలం గళ్ళ ముక్క ఒకటి. "నన్ను మొదటిసారి డాన్సుకు పిలిచినప్పుడు వేసుకున్న చొక్కా అది. మనిషికి డాన్సు రాదు, చొక్కా మాత్రం బాగుండేది" అంది. ఏటా వేసవిలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో కుట్టుపనికీ పోటీ ఉంటుంది. ఆవిడకు ప్రతిసారీ రెండో బహుమతే. మొదటిది ప్రతిసారీ ఒకే ఒకావిడకు. "ఈ క్విల్టు పూర్తయితే ఈసారి నేను గెలుస్తాను. కానీ నా చేతులు చూశావుగా" అంటూ వాచిన కణుపులు చూపించింది. "నీకు మెషీను కుట్టు వచ్చా?"

"వచ్చు" అన్నాను.

నాకు వచ్చినది జాకెట్లు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం. మా అమ్మ బొంత కుడుతుంటే చూశాను గానీ, అది నేలమీద పరిచి, మోకాలితో అదిమిపెట్టి, చేత్తో కుట్టే పని. మెషీను మీద క్విల్టు అలా కాదు. పైన గుడ్డ, మధ్యలో దూది పొర, కింద ఇంకో గుడ్డ, ఈ మూడూ కలిపి సూది కిందకు తోయాలి. సూది కింద గుడ్డను లాగే మెషీను పళ్ళను కిందకు దించేస్తే, ఇక ఎటు తిప్పినా మన చేతులే తిప్పాలి. వంపులు తిరిగే కుట్టు అలా వస్తుంది. వస్తుందని చెప్పారు. నా చేతులు మాత్రం గుడ్డమీద జారిపోయేవి, గుడ్డ ఉన్నచోటే ఉండేది, సూది ఒకేచోట పొడిచి పొడిచి దారపు ముద్దలు పెట్టేది. పాత దుప్పటి ముక్కల మీద సాధన చేశాను కాబట్టి చొక్కాలు బతికిపోయాయి.

ఊళ్ళో కుట్టుసామాను కొట్టు నడిపే ఆవిడ, దీనికి గుడ్డ జారకుండా పట్టునిచ్చే గ్లవ్స్ ఉంటాయని, పల్చటి గుడ్డకు వేళ్ళ కొసల్లో రబ్బరు పూత ఉంటుందని చెప్పింది. కుట్టుపనికి గ్లవ్సేమిటి, మా అమ్మ నవ్వదూ, అనుకుని ఇంటికొచ్చేశాను. గిన్నెలు తోముకునే రబ్బరు గ్లవ్స్ వేసుకున్నాను. పట్టు దొరికింది గానీ కాసేపటికే లోపల చెమట చెరువైంది. మా ఊరి బ్యాంకులో క్యాషియరు నోట్లు లెక్కపెట్టడానికి వేళ్ళు తడుపుకునే స్పాంజి గుర్తొచ్చి, అదీ చేశాను. గుడ్డ నిండా తడి మచ్చలు పడ్డాయి. తోటపని గ్లవ్స్ వేసుకుంటే దారం తెగిందో లేదో కూడా తెలియలేదు.

చివరికి కనిపించాయి మావారి ఫుట్‌బాల్ గ్లవ్స్. (ఇక్కడి ఆటలో బంతిని చేత్తోనూ పడతారు.) ట్రాలీకి వచ్చినవాడు బంతి పట్టకపోతే ఎలా అని తోటి ఉద్యోగులు బలవంతపెడితే ఈయన ఒకే ఒక్క ఆట ఆడి, బంతి దగ్గరకు చేరకముందే చీలమండ బెణికించుకుని వచ్చారు. ఆకుపచ్చా పసుపూ రంగుల్లో, అరచేతుల్లో జిగురున్నట్టుండే గ్లవ్స్ అవి. వాటితో గుడ్డ నేను చెప్పినట్టు వింది. ఆ సంబరంలో ఉండగా మావారు గుమ్మంలో నిలబడిపోయారు.

"అవి నా గ్లవ్సు కదే?"

"అవునండీ. ఎలాగూ మీకు బంతి దొరకలేదుగా."

"ఆడితే తెలుస్తుందే, ఆ బంతి ఎలా వస్తుందో" అని కుంటుకుంటూ లోపలికి పోయారు. ఆయన శాపమే తగిలిందో ఏమో, మర్నాటికి ఆ జిగురు పొడిపొడిగా రాలి గుడ్డకు అంటుకోవడం మొదలైంది. ఇక అసలు గ్లవ్సే కొనాలని కొట్టుకు వెళ్ళాను.

"నీ చేతికి స్మాల్ సరిపోతుంది, లవ్" అంది కొట్టావిడ. (ఆవిడకు కొట్టుకొచ్చిన వాళ్ళంతా "లవ్"లే.) మా ఇంట్లో చెప్పులైనా, గౌనైనా, యూనిఫాం అయినా ఒక సైజు పెద్దదే కొనేవారు, పెరిగే పిల్ల కదా అని. పెళ్ళై కాపురానికొచ్చిన దాని చేతులు ఇంకెక్కడ పెరుగుతాయి? అయినా నోరు దాని అలవాటు చొప్పున "లార్జ్ ఇవ్వండి" అంది. వేళ్ళ చివర ఖాళీ కొసలు వేలాడుతుండేవి. పట్టు మాత్రం అద్భుతం. నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల దాకా, ఆకుల వంపులతో, క్విల్టంతా కుట్టేశాను. గ్రాండ్ ఆంటీ పక్కన కూర్చుని టీ తాగుతూ, ఒక్కో ముక్క వచ్చినప్పుడల్లా ఆ చొక్కా కథ చెప్పేది.

ప్రదర్శన దగ్గర పడింది. అంతా అయిపోయాక, నీలం గళ్ళ ముక్కమీద నాలుగు కుట్లు తప్పిపోయినట్టు నాకు అనిపించింది. అది ఎవరికీ కనిపించేది కాదు. సరిచేద్దామని కూర్చున్నాను. గ్లవ్ ఖాళీ కొస సూది కిందకు వెళ్ళింది. వేలికి ఏమీ కాలేదు, కొస మాత్రం క్విల్టుకు కుట్టుకుపోయింది. ఆంటీ "ఆగు, నెమ్మదిగా విప్పుదాం" అంటూనే ఉంది. నేను కంగారులో కత్తెర తీసుకున్నాను. గ్లవ్ కొసతో పాటు నీలం గళ్ళ గుడ్డ కూడా తెగింది.

ఆవిడ ముందు నా వేలు పట్టుకుని చూసింది. తర్వాత ఆ చిల్లు చూసింది. చాలాసేపు చూసింది. "గ్రాండ్" అని, ఒక ఆకుపచ్చ గుడ్డ ముక్కను ఆకులా కత్తిరించి, ఆ వాచిన వేళ్ళతో తనే చిల్లుమీద కుట్టింది. ఒక్కో కుట్టుకూ మొహం ముడుచుకునేది. నేను కుడతానంటే వద్దంది.

ప్రదర్శనలో మాది రెండో బహుమతి. న్యాయనిర్ణేత మంచావిడే, పనిగట్టుకుని వచ్చి చెప్పింది: "నడుమ ఆ ఆకు ఒక్కటీ లేకపోతే మొదటిది మీదే." మొదటి బహుమతావిడ కూడా వచ్చి చేయి కలిపింది. కారులో ఇంటికి బయల్దేరాం. వాన మొదలైంది. ఆంటీ దాన్ని "గ్రాండ్" అనలేదు.

మరుసటి ఏడు మా ఇంటి యజమాని ఇల్లు అమ్ముకోవడంతో మేం లిమరిక్ వెళ్ళిపోయాం. ఆంటీ చేతులు ఇంకా పాడై, కుట్టుపని మానేసి, కార్లో అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరకు చేరింది. ఈమధ్యే చూసొచ్చాం. క్విల్టు కాళ్ళమీద కప్పుకుని కూర్చుని ఉంది. నేను ఇన్నేళ్ళుగా మనసులో తిప్పుకుంటున్న మాట చెప్పబోయాను, "ఆంటీ, ఆ రోజు నేను గనక..." అని. అందరు పెద్దవాళ్ళలాగే "పోనీలే, గెలుపుదేముంది" అంటుందనుకున్నాను.

"ఒక్కసారి గెలవాలని ఉండేది నాకు" అంది ఆవిడ, మామూలుగా, టీలో పాలు పోసుకుంటూ. "ఒక్కసారంటే ఒక్కసారి."

అబద్ధం చెప్పి నన్ను ఓదార్చనందుకు ఆవిడ మీద ప్రేమ ఇంకాస్త పెరిగింది. ఆవిడే నవ్వి, కూతురి ఫోన్ అడిగి తీసుకుని ఒక ఫోటో చూపించింది. ప్రదర్శన రోజు ఉదయం, ఫలితాలు చెప్పకముందు తీసినది. క్విల్టు పక్కన నేను, ఎర్ర కంచిపట్టుచీర, మెడ నిండా నగలు, చీర కింద మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటికి బురద. స్టేజీ ఎక్కి బహుమతి అందుకోవడానికి అంతా సిద్ధం చేసుకుని వచ్చిందా పిల్ల. మొహంలో ఒక్క అనుమానం లేదు. స్టేజీ ఎక్కడుందని అప్పటికే ఇద్దరిని అడిగింది కూడా.