తాడు తగలని బండి

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె సూదమ్మ. బళ్ల సీట్లు కుట్టే పని కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. నోరు కూడా సూదిలాంటిదే కాబట్టి వచ్చిందని, ఆమె చేత మాటలు పడ్డవాళ్లంటారు. రెండు మాటలూ నిజమే.

దుకాణం అంతా కలిపి ఒక్క గది. తలుపు తీయగానే జిగురు వాసన, కొత్త రెక్సిన్ వాసన కలిసి ముక్కుకు కొడతాయి. గోడ వారగా రంగురంగుల చుట్టలు నిలబెట్టి ఉంటాయి. కిటికీ దగ్గర కాలితో తొక్కే పెద్ద మిషను, మూలన పొట్ట చీలిన టాక్సీ సీటు ఒకటి ఎప్పుడూ ఉంటాయి. ఆమె కుట్టిన సీటు చిరిగిందంటే బండి ఇనప సామానుకు పోయే వయసు వచ్చిందనే లెక్క. రోడ్డు మీద తను కుట్టిన బండి ఏదైనా ఎదురైతే సూదమ్మ నడిపేవాడి మొహం చూడదు, సీటు మొహం చూస్తుంది. బాగుందనుకుంటే తల పంకించి ముందుకు పోతుంది.

ఆమెకు ఒక్కతే కూతురు. బడి పిల్లల వ్యాను నడుపుతుంది. ఆ కూతురు మనసుపడి ఒక మెకానిక్కును పెళ్లి చేసుకుంది. సూదమ్మ వద్దనలేదు, అలాగని ఎగిరి గంతేయనూ లేదు. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి మొగుడు" అనేది. అంతే తప్ప "మా అల్లుడు" అన్న మాట ఆమె నోటి నుంచి రాగా విన్నవాళ్లు లేరు.

"అల్లుడనిపించుకోవడం అంత తేలికా? ఏదైనా ఒకటి నిలబెట్టి చూపించమను, అప్పుడు అంటాను" అనేది, కూతురు దెప్పినప్పుడల్లా.

అందుకని మనం కూడా ప్రస్తుతానికి అతన్ని మెకానిక్కు అనే అనుకుందాం. ఆమెతో మనకెందుకు గొడవ?

మెకానిక్కు నోట్లో నాలుక లేని మనిషి. వేరొకరి షెడ్డులో పని. ఎక్కడో పొదల్లో తుప్పు పట్టి పడి ఉన్న పాత జీపును తెచ్చి, దుకాణం వెనక ఖాళీ స్థలంలో పెట్టి, సెలవు దొరికినప్పుడల్లా దాని ఇంజన్ విప్పి మళ్లీ కట్టాడు. ముక్క ముక్కా కడిగాడు, అరిగినవి మార్చాడు, దొరకనివి చేయించాడు. స్టార్ట్ చేస్తే అది ఒక్కసారి ఓండ్ర పెట్టి లేచేది. సూదమ్మ దానికి గాడిద అని పేరు పెట్టింది. పేరు పెట్టడమంటే కాస్త ప్రేమ పుట్టినట్టేనని కూతురు మురిసిపోయింది.

ఆ గాడిదకు ఒక పరీక్ష ఉంది. మైదానాలన్నీ దాటాక, రోడ్డు అయిపోయి మట్టిబాట కూడా అయిపోయాక, ఒక ఎర్ర రాళ్ల కొండ ఉంది. ఏడాదికోసారి ఇలాంటి బళ్లవాళ్లంతా అక్కడ చేరి, దారీ తెన్నూ లేని ఆ కొండను బళ్లతో ఎక్కుతారు. వాళ్లకు రెండు కట్టుబాట్లున్నాయి. ఒకటి, తాడు తగిలిన బండి కొండ ఎక్కకూడదు. దారిలో ఎన్నిసార్లు చెడిపోయినా ఫరవాలేదు, బాగు చేసుకుని రావచ్చు. మరొకరు తాడు కట్టి లాక్కొస్తే మాత్రం ఆ ఏటికి కింద నిలబడి చప్పట్లు కొట్టడమే. రెండోది, ఎక్కబోయే ముందు బండివాళ్లు తమ బానెట్ మీద నిలబడి, దారిలో ఎక్కడెక్కడ ఆగిందో, ఎవరి పాపం వల్ల ఆగిందో అందరికీ వినబడేలా చెప్పాలి. ఏమీ కాలేదన్నవాళ్లకు మర్యాదకు నాలుగు చప్పట్లు పడతాయి. నానా తిప్పలూ పడి వచ్చినవాళ్లకు ఈలలు పడతాయి.

బయల్దేరడానికి ముందు ఒక సాయంత్రం మెకానిక్కు పెళ్లాంతో అన్నాడు.

"అక్కడికి వచ్చేవాళ్లందరివీ ఇలాంటి పాత బళ్లే. మన ఇంజన్ కొండెక్కితే చూస్తారు, నమ్ముతారు. అప్పుడు అత్తయ్య దుకాణాన్ని ఆనుకుని ఖాళీగా ఉన్న పక్కగదిలో సొంత షెడ్డు పెట్టేస్తాను. తాడుతో వెళ్లామనుకో, ఇక ఆ మాటే ఎత్తను. జీవితమంతా ఓనరు దగ్గరే ఉండిపోతాను."

గోడకు ఇవతల సూదమ్మ మిషను తొక్కుతోంది. కాలు ఆపి విన్నది. మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

మరునాటి నుంచి ఆమె గాడిద మీద పడింది. సీట్లకు ఎర్ర రెక్సిన్ వేసింది, అంచులకు మీగడ రంగు పట్టీ తిప్పింది. అవి అయ్యాక, రాళ్లు తగిలి కొత్త రంగు పోకుండా బండి మూతికి అదే మీగడ రంగు పట్టీ తిప్పిన ముసుగు ఒకటి కుట్టింది. ఊడిపోకూడదని అడుగు నుంచి బిగించి, బండికి వేశాక చివరి కుట్లు చేత్తో వేసింది. ముందు గాలి వెళ్లే కంతల దగ్గర పురుగులూ దుమ్మూ పోకుండా దోమతెర కంటే సన్నటి జాలీ గుడ్డ పెట్టింది. తన జన్మలో అంత శుభ్రమైన కుట్టు వేయలేదని ఆమెకే అనిపించింది.

మెకానిక్కు వచ్చి, చుట్టూ తిరిగి చూసి, మెల్లగా అడిగాడు.

"చాలా బాగుంది అత్తయ్యా. కానీ గాలి ఆడుతుందంటారా?"

"నువ్వు బోల్టులు చూసుకో అబ్బాయ్. గుడ్డ సంగతి నాకు చెప్పకు."

సూది దిగింది. అతను బోల్టుల దగ్గరికి వెళ్లిపోయాడు.

తెల్లవారుతుండగా ముగ్గురూ బయల్దేరారు. కూతురు స్టీరింగు దగ్గర, పక్కన మెకానిక్కు, వెనక సీటులో సూదమ్మ, ఆమె ఒడిలో పనిముట్ల సంచి. ఎక్కడికెళ్లినా దబ్బనం, మైనం దారం, కత్తెర లేకుండా ఆమె గడప దాటదు. ఊరి చల్లగాలిలో గాడిద హాయిగా పరుగెత్తింది. వేడి చూపించే ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడింది.

సిమెంటు లారీల వెనక పడ్డాక మొదటిసారి ముల్లు పైకి లేచింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. రోడ్డు పక్కన ఆపారు. మెకానిక్కు చల్లబడేదాకా ఆగి, రేడియేటర్ మూత మార్చి, నీళ్లు పోసి, బెల్టు లాగి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగుండి బండి ఆగడమే అతన్ని భయపెట్టింది.

రెండోసారి మైదానం మధ్యలో, చెట్టన్నది లేని చోట. ఈసారి వేడికి రేడియేటర్ రబ్బరు గొట్టం చీలి నీళ్లన్నీ కారిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. తెచ్చుకున్న వేరే గొట్టం ఉంది కానీ అది కింది గొట్టం, చీలింది పైది. మెకానిక్కు దాన్ని అటూ ఇటూ వంచి చూసి, దిగాలుగా నిలబడిపోయాడు.

"ఇలా ఇవ్వు" అంది సూదమ్మ.

రెక్సిన్ ముక్క ఒకటి కత్తిరించి, చీలిక మీద రెండు పొరలు చుట్టి, మైనం దారంతో పక్కపక్కన సందు లేకుండా బిగిస్తూ పోయింది. ఆమె వేళ్లు తడబడలేదు. దారం కోసుకుని చూపుడువేలు మీద రక్తం వస్తే నోట్లో పెట్టుకుని చప్పరించి, మళ్లీ బిగించింది. మెకానిక్కు నీళ్లు పోసి మూత కాస్త వదులుగా పెట్టాడు. చుక్క కారలేదు.

"అమ్మా, గుండె ఆపరేషన్ చేసేశావు" అంది కూతురు.

"ఇంజన్ కట్టడం రాకపోయినా కట్టు కట్టడం వచ్చు" అంది సూదమ్మ. వెనక సీటులో ఠీవిగా కూర్చుంది. ఆ పూట ఆమె గర్వం ముందు కొండ కూడా చిన్నదే.

ఆ గర్వం ఎర్ర కొండ కనబడేదాకా ఉంది. మట్టిబాట మీద, కొండ వేలెత్తి చూపించేంత దగ్గరకు వచ్చాక, ముల్లు మూడోసారి ఎర్రగీత దాటింది. గాడిద ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

గొట్టానికి కట్టిన కట్టు చెక్కుచెదరలేదు. బెల్టు బాగుంది, పంపు తిరుగుతోంది. మెకానిక్కు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎవరి భయం వాళ్ల పనిలోనే తప్పు వెతుకుతుంది. అతనూ పొద్దుటి నుంచి తన ఇంజన్ లోపలే వెతుకుతున్నాడు. వెనక వస్తున్న పెద్ద ట్రక్కు ఆగింది. బొజ్జాయన ఒకడు దిగి, సంగతి విని, జాలిగా తాడు తెచ్చాడు.

"పొద్దు వాలిపోతోంది బాబూ. కట్టేద్దామా? కనీసం చూడటానికైనా అందుతారు."

మెకానిక్కు లేచాడు. పెళ్లాం మొహం చూడలేదు.

"కట్టండి సార్" అన్నాడు. తర్వాత సూదమ్మ వైపు తిరిగాడు. "అత్తయ్యా, మీరు అనుకున్నదే నిజం. నా చేతిలో ఏదో లోపం ఉంది. నాకే తెలియడం లేదు."

పరాయివాళ్లు చూస్తుండగా తన కుట్టు దుమ్ముకొట్టుకుని ఉండటం సూదమ్మకు భరించరానిది. ఏం చేయాలో తోచనప్పుడు చేతికి ఏదో పని కావాలి కూడా. సీసాలో నీళ్లు తీసుకుని, ముందుకు వెళ్లి, ముసుగు మీద చిలకరించింది. జాలీ గుడ్డ మీద కాస్త ఎక్కువే పోసింది.

నీళ్లు లోపలికి పోలేదు. పళ్లెం మీద పోసినట్టు జారి కింద పడ్డాయి.

మళ్లీ పోసింది. మళ్లీ జారాయి. వేలితో గీకితే సిమెంటు దుమ్ము, పొగమసి కలిసి ముద్దగా వచ్చాయి. గుడ్డ కళ్లన్నీ మూసుకుపోయి ఉన్నాయి. నీళ్లే పోని చోట గాలేం పోతుంది? పొద్దుటి నుంచి గాడిద ఊపిరాడక చస్తోంది. ముక్కు మూసింది తనే.

గుడ్డను చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మనిషి ఆమె. ఎంత సన్నటి నేత ఎంత తొందరగా మూసుకుపోతుందో ఆమెకు కాక ఇంకెవరికి తెలియాలి? పైగా అడిగినవాడి నోరు మూయించింది కూడా తనే.

ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది. దుమ్ము దులుపుతున్నట్టే ఆ జాలీని పొడిచి చింపేస్తే సరి. ఇంజన్ దానంతటదే చల్లబడిందనుకుంటారు. ఎవరికీ తెలియదు. అంతలో ఆమె కంటికి మెకానిక్కు కనిపించాడు. తాడు కొక్కెం చేత్తో పట్టుకుని బండి కిందికి వంగుతున్నాడు.

"ఆగు! ఆ తాడు అవతల పారెయ్!"

ఆ అరుపుకు బొజ్జాయన ఉలిక్కిపడ్డాడు. సూదమ్మ సంచిలోంచి కత్తెర తీసింది.

"ఇంజన్‌కి ఏ రోగమూ లేదు. రోగం నా కుట్టులో ఉంది. నువ్వు అడిగావు కదయ్యా గాలి ఆడుతుందా అని. ఆడటం లేదు."

మీగడ రంగు పట్టీ దగ్గర కత్తెర పెట్టింది. కన్నబిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు కూడా అంత బాధపడి ఉండదు. పైనుంచి కిందికి, అటు నుంచి ఇటు, తన జన్మలోకల్లా గొప్ప కుట్టును తన చేత్తోనే కోసి, ఒలిచి, వెనక సీటులో పడేసింది. మెకానిక్కు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు.

"చూస్తావేం? నీళ్లు పొయ్యి."

చల్లబడ్డాక గాడిద ఓండ్ర పెట్టి లేచింది. ముల్లు మధ్యకు వచ్చి, అక్కడే పాతేసినట్టు నిలబడింది. కొండ దాకా మెకానిక్కు ముల్లునే చూశాడు. సూదమ్మ వెనక నుంచి అతన్నే చూసింది. గ్రీజు మరకల మెడ, నిద్రలేని భుజాలు. పొద్దుటి నుంచీ ఊపిరి బిగబట్టి కూడా ఇంతదూరం లాక్కొచ్చిన ఇంజన్ అది. ఇంకొకరు కట్టినదైతే సగం దారిలోనే కాలిపోయేది.

కొండ కింద బళ్లు వరస కట్టి ఉన్నాయి. వీళ్ల వంతు వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. మైకు పట్టుకున్న పెద్దమనిషి అడిగాడు.

"ఎక్కడెక్కడ ఆగింది? పాపం ఎవరిది?"

మెకానిక్కు బానెట్ ఎక్కాడు.

"మూడుచోట్ల ఆగిందండీ. తాడు తగల్లేదు. పాపం నాదే. రేడియేటర్‌కి గాలి సరిగా అందడం లేదని చూసుకోలేదు."

సూదమ్మ ఒంట్లో ఒక్కసారిగా వేడి పుట్టింది. ముల్లు కూడా అంత త్వరగా లేచి ఉండదు. అత్తగారి పరువు కాపాడుతున్నాడు వెధవ, ఎంత మంచివాడు! కూతురి భుజం ఊతగా పట్టుకుని తనూ బానెట్ ఎక్కేసింది.

"అబద్ధం! ఒక్క ముక్క నమ్మకండి" అంది. మైకు అవసరం లేకుండానే ఆ చివరిదాకా వినబడింది. "గాలి ఆపింది నేను. నా ముసుగు ఆపింది. ముందే అడిగితే నోరు మూసుకోమన్నాను. ఇదిగో, కోసి పారేశాను, కావాలంటే చూసుకోండి. బండి ఆగిన పాపం నాది. గొట్టానికి కట్టు కట్టిన పుణ్యం కూడా నాదే, అదీ రాసుకోండి. ఇంజన్ మాత్రం మచ్చలేనిది. తుప్పులోంచి తీసి కట్టాడు. కట్టింది మా అల్లుడు!"

ఈలలు పడ్డాయి. కొండకు తగిలి తిరిగొచ్చేన్ని పడ్డాయి. బొజ్జాయన అందరికంటే గట్టిగా వేశాడు. కూతురు బానెట్ అంచున తల వాల్చి ఏడ్చింది, నవ్వింది, రెండూ చేసింది.

గాడిద కొండెక్కింది. రాళ్ల మీద మొరాయించి, వెనక్కి జారి, మళ్లీ పట్టు దొరకబుచ్చుకుని ఎక్కింది. ఆకాశం తప్ప ఏమీ కనబడనంత నిటారుగా నిలబడ్డప్పుడు కూడా ఎర్ర సీట్లు ముగ్గురినీ జారనివ్వలేదు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

పైన దిగి నిలబడ్డాక అల్లుడు చేతులు తుడుచుకుంటూ, నేల చూపులు చూస్తూ ఆమె దగ్గరకు వచ్చాడు.

"అత్తయ్యా, కింద మీరు చివర్న ఏదో అన్నారు. నాకు సరిగా వినబడలేదు."

"చెవుల్లో గ్రీజు పోసుకున్నావా? కొండంతా విన్నది" అంది సూదమ్మ. కోసిన ముసుగు ముక్కను మడిచి సంచిలో పెట్టుకుంది. "మళ్లీ వినాలనుంటే పక్కగది తలుపు తియ్యి. వచ్చిన ప్రతి బండివాడికీ చెబుతాను."