మెత్తటి క్లచ్‌కు లారీ స్ప్రింగు

శుభ్రంగా నడుస్తున్న కారును సొంత చేతులతో, ఎంతో ప్రేమగా ఎలా పాడుచేయాలో తెలుసుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. ఆ పని నేను జనం చూస్తుండగా, మైకులో నా పేరు మోగుతుండగా చేసి చూపించాను.

ముందు నా గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి. మాది సారపాక. నాన్న మల్లయ్య పేపరు మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవరు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ లారీ మీదే. దాని క్లచ్ తొక్కాలంటే సీటు మీంచి సగం లేచి, స్టీరింగు పట్టుకుని, ఒంటి బరువంతా ఎడమ కాలి మీద వేయాలి. నా ఈడు పిల్లలు స్కూటీ నేర్చుకుంటుంటే నేను కర్రల లోడును రివర్సులో పెట్టేదాన్ని. ఈ సంగతి అడగని వాళ్లకు కూడా చెబుతుంటాను. ఇప్పుడు మీకూ చెప్పేశాను.

ఉద్యోగం వచ్చాక ఒక సెకండ్ హ్యాండ్ స్పీడు కారు కొన్నాను. ఎర్రది. స్టార్ట్ చేస్తే వీధిలో కుక్కలు లేచి పక్కకు జరిగేవి. కొన్న ఊపులో, ఖమ్మం దగ్గర కార్ల క్లబ్బు వాళ్లు పెట్టిన పందేనికి పేరిచ్చేశాను. ఒక్కో కారూ ఒంటరిగా మైదానం చుట్టి రావాలి, తక్కువ టైములో వచ్చిన వాళ్లది గెలుపు. నాన్న ఆ కబురు లారీ అడ్డాలో వేశాడు.

"నా బిడ్డ పందెంల తోలుతది. అందరు రావాలె."

అంతే, అడ్డా మొత్తం బయల్దేరడానికి సిద్ధమైంది. నేను ఓడినా పర్వాలేదు గానీ, అంతమంది ముందు బండి మొరాయిస్తే నాన్న ఇక ఆ అడ్డాలో తలెత్తుకోలేడు.

పందెం దగ్గర పడ్డాక నాన్న తొలిసారి కారెక్కి క్లచ్ తొక్కాడు. ఆయన మొహం మారిపోయింది.

"గిదేంది బిడ్డా, కాలు పెట్టంగనే లోపటికి పోయింది."

"అవ్ నాయినా, నాక్కూడ మెత్తగనే అనిపిస్తుంది."

"మెత్తగ గాదు, అసలు క్లచ్చే లేనట్టుంది. నిన్ను మోసం చేసిండ్రు."

ఫోనులో వెతికాను. పెడల్ మెత్తబడితే క్లచ్ ఆయిలు గొట్టంలో గాలి చేరి ఉండొచ్చని ఉంది. నాన్న పెడల్ తొక్కి పట్టుకుంటే నేను కారు కింద దూరి కొంచెం ఆయిలు వదిలి చూశాను. ఒక్క బుడగ రాలేదు. ఎక్కడా లీకు లేదు. గేర్లు అడగ్గానే పడుతున్నాయి. బుద్ధున్న మనిషైతే అక్కడితో చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేది. మేం కూర్చోలేదు.

"బుడగ రాలేదంటె గాలి బాగ లోపటికి పోయినట్టు" అన్నాడు నాన్న.

"మరేం చేద్దాం?"

"గట్టిగ చేద్దాం."

పెడల్ వెనక కడ్డీని తిప్పి, దానికి ఉండాల్సిన కాస్త వదులు కూడా లేకుండా నేను బిగించాను. నాన్న పాత లారీ సామాన్లలోంచి ఒక స్ప్రింగు తెచ్చి, పెడల్‌ను పైకి లాగేలా తగిలించాడు. ఇప్పుడు క్లచ్ తొక్కాలంటే సీటు మీంచి సగం లేవాల్సి వచ్చింది. మా ఆనందం అంతా ఇంతా కాదు.

"ఇగో, గిది క్లచ్ అంటె" అన్నాడు నాన్న.

ఖమ్మం దాకా మెల్లగా తోలుకెళితే కారు కిక్కురుమనలేదు. మైదానంలో నా వంతు వచ్చింది. జెండా ఊపారు. ఎక్సలేటర్ మొత్తం తొక్కాను. ఇంజను అరిచిన అరుపు భద్రాచలం దాకా వినిపించి ఉంటుంది. కారు మాత్రం పెళ్లి ఊరేగింపులో ఉన్నట్టు కదిలింది. మాడిన వాసన కూడా మొదలైంది.

"డ్రైవరు చాలా జాగ్రత్తగా నడుపుతున్నారు" అన్నాడు మైకాయన, మర్యాదస్తుడు.

"మల్లన్నా, లోడు ఎక్కువైందా ఏంది?" అని అడ్డా వాళ్లలో ఎవరో అడిగారు. నాన్న తల దించుకున్నాడు. అది చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

నేను బండి ఆపగానే క్లబ్బు నడిపే శిరీష పరుగున వచ్చి, పెడల్ కిందికి వంగి చూసింది.

"ఈ స్ప్రింగేంది?"

"క్లచ్ మెత్తగుందని మేమే పెట్టినం. కడ్డీ గూడ బిగించినం."

"నా కారుది తొక్కి చూడు."

తొక్కాను. అచ్చం మా కారు మొదట్లో ఉన్నంత మెత్తగా ఉంది.

"ఈ కార్లకు గింతే ఉంటది. నువ్వు కడ్డీ గట్ల బిగిస్తె క్లచ్ సగమే పట్టుకుంటది. బండెట్ల ఉరుకుతది?"

పుట్టి బుద్ధెరిగాక, ఈ కారు వచ్చేదాకా, మేం తొక్కింది లారీ క్లచ్ ఒక్కటే. మా కాళ్లకు ఈ లోకంలో ప్రతి మంచి క్లచ్చూ చెడిపోయినట్టే లెక్క.

అదృష్టం కొద్దీ ప్రతి కారుకూ రెండో అవకాశం ఉంది. స్ప్రింగు ఊడదీసి, కడ్డీ వదులు చేసి, బండి చల్లారాక మళ్లీ వెళ్లాను. లారీని మలుపు తిప్పిన చేతులకు ఆ కారు ఏపాటిది? ఈసారి దుమ్ము తప్ప నేను కనిపించలేదట. మూడో బహుమతి. అడ్డా మొత్తం ఈలలు వేసింది. నాకు మాత్రం అది మొదటి బహుమతి కిందే లెక్క.

కప్పు పట్టుకుని నాన్న కోసం వెతికాను. ఆయన శిరీష కారులో కూర్చుని, ఎడమ కాలితో క్లచ్ తొక్కుతూ విచారంగా తల ఊపుతున్నాడు. ఒళ్లో మా స్ప్రింగు ఉంది.

"గెలిచినవా బిడ్డా, నాకు తెలుసు. గీ పిల్ల మనకు ఇంత సాయం చేసింది. పాపం, దీని బండి గూడ ఖరాబే. జల్దీ ఒక పానా తే."

ఆ కప్పు మీద చెయ్యి వేసి అక్కడికక్కడే ప్రమాణం చేశాను. నా కాలికి మెత్తగా తగిలిన దేన్నీ ఈ జన్మలో బాగుచేయను. పానా ఉన్న చోట నాన్నను, నాన్న ఉన్న చోట పానాను ఒంటరిగా వదలను.