సుంకమ్మ నొక్కిన ఒకటో నంబరు

నిన్న బెంగళూరులో ఒక రికార్డింగ్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. అద్దం అవతల గొంతు ఇచ్చే అమ్మాయి ఒకే వాక్యాన్ని తొమ్మిదోసారి చదివి, "ఇంకొకసారి చెప్పనా మేడం?" అని మెత్తగా అడిగింది. ఆ మెత్తదనం చెవిలో పడగానే దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఇంకో గొంతు గుర్తొచ్చింది. చేలల్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు అది. "ఒగతూరి చెప్తిని కదా పాపా. నీ మిషన్‌కు చెవుడా?" అన్న గొంతు. ఇరవై ఏళ్లు దాటినా అది తలచుకుంటే నాకు ముందు విసుగే వస్తుంది. ఆ తర్వాతే మిగతావన్నీ.

సుంకమ్మది బెళుగుప్పకు దగ్గర్లో ఒక పల్లె. భర్త పోయాక ఆరెకరాల మెట్టచేను ఒంటరిగా సాగు చేసుకునేది. నాకు బంధువేమీ కాదు. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు నా హాస్టల్ గదిలో ఉండే భాగ్యకు పెద్దమ్మ. భాగ్య పిలిచినట్టే నేనూ పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మాది టౌను. మా నాయన బస్సు కండక్టరు. వేరుశెనగ చేనంటే బస్సు కిటికీలోంచి చూసినదే తప్ప, అందులో కాలు పెట్టింది లేదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు మా క్లాసులో అందరూ లైబ్రరీ పుస్తకాల లెక్క చూసే ప్రోగ్రాం రాస్తుంటే, నేను మాత్రం కథ చేస్తానని పట్టుబట్టాను. చూసేవాళ్లే దారి ఎంచుకునే కథ. కంప్యూటర్ తెర మీద చిన్న సినిమా నడుస్తుంది. జూన్‌లో ముంగారు తొలివాన పడుతుంది. అక్కడ బొమ్మ ఆగి ప్రశ్న వస్తుంది. ఇప్పుడే విత్తుతావా? అయితే ఒకటి నొక్కు. ఇంకో వాన కోసం ఆగుతావా? అయితే రెండు నొక్కు. ఒకటి నొక్కితే పంట ఎండిపోతుంది. రెండు నొక్కితే పండుతుంది. ఈ తెలివి నాకు ఒక చిన్న పుస్తకంలో దొరికింది. రైతులు తొందరపడి నష్టపోతున్నారనీ, నా కథ చూసి మారతారనీ నిజంగా నమ్మాను. పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకాయనను బతిమాలి కెమెరా తెచ్చాం. నటించడానికి భాగ్య తన పెద్దమ్మను ఒప్పించింది. ఒప్పించింది అనుకున్నాం.

సెప్టెంబరులో పోయాం. నిజంగానే చేను ఎండిపోయి ఉంది. సుంకమ్మ చేను మధ్య నిలబడి, తల పట్టుకుని, "నా కష్టమంతా మట్టిపాలాయనే దేవుడా" అని ఏడవాలి. కాగితం మీద రాసి, రెండుసార్లు చదివి వినిపించాను. కెమెరా తిరగడం మొదలైంది. సుంకమ్మ నేరుగా కెమెరాలోకి చూసి, "భాగ్యా, పొద్దున తింటివా?" అంది. రెండోసారి మాట చెప్పింది కానీ, సంతలో ధర చెప్పినట్టు చెప్పింది. మూడోసారి అసలు నిలబడనే లేదు. వంగి ఎండిన మొక్కలు పీకి, మట్టి దులిపి, మోపు కట్టడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, ఈడ ఏడ్చల్ల. పని చేసేది కాదు," అన్నాను.

"ఏంటికి ఏడ్చేది? ఎండినప్పుడల్లా ఏడిస్తే ఈ ఊర్లో ఎవురికన్నా కండ్లుంటాయా?"

"కథలో ఏడుస్తాదమ్మా ఆమె."

"అట్లయితే ఆమెనే పిల్చుకోని రాపో."

మోపు కట్టిందంతా తర్వాత వీడియోలోంచి కత్తిరించి పారేశాను. కెమెరా బ్యాటరీ అయిపోయేలోగా ఆమె ముఖం చేతుల్లో దాచుకున్న ఒక్క బొమ్మ దొరికింది. అది ఏడుపు కాదు, కంట్లో దుమ్ము పడింది. దానికే వెనక ఏడుపు సంగీతం పెట్టుకున్నాను.

పండిన పంట బొమ్మ కోసం బోరు కింద సాగయ్యే రామప్ప అనే ఆయన చేనుకు తీసుకుపోయాం. పచ్చగా ఉంది. సుంకమ్మ గట్టు మీద నిలబడి, "ఆగినాను, నా పంట పండింది" అనాలి. చెప్పనంది. "ఇది రామప్ప చేను. నాదని ఎట్ల చెప్పేది? ఆయప్పకు బోరుండాది. ఆగినందుకు పండలేదు పాపా ఇది, నీళ్లుండి పండింది." కథ అంటే ఏమిటో ఆమెకు ఎండలో గంటసేపు చెప్పాను. అంతా విని, తల ఊపి, మళ్లీ చెప్పనంది. చివరికి ఆ మాట భాగ్య గొంతుతో వేరేగా రికార్డు చేశాం. ఆ సాయంత్రం బస్సులో భాగ్యతో నేను మాట్లాడలేదు, తన పెద్దమ్మ చేసిన నేరానికి.

జనవరిలో కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒడిలో పెట్టుకుని, బస్సులో ఆ ఊరికి మోసుకుపోయాం. ఆదివారం మధ్యాహ్నం బడి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి చూపించాం. మొదటి గంట కరెంటు లేదు. వచ్చాక, సుంకమ్మ తనను తాను తెర మీద చూసుకుని, "కొంగు సరిగా లేదు, మళ్లా తియ్యి" అంది. మళ్లీ తీద్దామంటే ప్రతిసారీ విసుక్కున్న మనిషి. నేను పళ్లు బిగించుకున్నాను.

జనం మొదట ఒకటి నొక్కారు, పంట పోయింది. తర్వాత రెండు నొక్కారు, పండింది. అంతే. ఇక అందరూ రెండే నొక్కారు. "తెలిసిపాయ కదప్పా, పదండి" అని నవ్వుకుంటూ లేచిపోయారు. నేను మూడు నెలలు చేసింది పావుగంటలో అయిపోయింది. సుంకమ్మ మాత్రం పోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒకటి నొక్కింది. పంట పోయింది. మళ్లీ ఒకటి. మళ్లీ పోయింది. ఐదుసార్లో ఆరుసార్లో అయ్యాక నాకు ఓపిక పోయింది.

"పెద్దమ్మా, అది తప్పని తెలిసిపోయింది కదా. ఎన్నిసార్లు నొక్కినా అంతే."

ఆమె తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "ఆ తూరి వాన రాలేదు. ఈ తూరీ రాదని నీకెవురు చెప్పినారు?"

ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. ఆ కంప్యూటర్‌లో వాన ఎప్పుడు రావాలో రాసింది నేను.

ఫిబ్రవరిలో మళ్లీ పోయాను. ఈసారి కాగితం తీసుకుపోలేదు. ఒకటి నొక్కినా కొన్నిసార్లు పండాలి, రెండు నొక్కినా కొన్నిసార్లు పోవాలి. దానికి ఇంకో రెండు ముగింపులు కావాలి. "ఆగి కూడా పోగొట్టుకున్నారా ఎప్పుడన్నా?" అని అడిగాను. ఆమె ఇంటి పంచలో కూర్చుని, కెమెరా ఉన్న సంగతే మరిచినట్టు చెప్పుకుపోయింది.

"మా ఆయప్ప ఉన్నప్పుడు ఒగ ఏడాది ఇంగో వాన రానీ అని గమ్మునుండినాడు. ఇంగో వాన రాలేదు. చేను బీడు పడింది. పక్క చేనోళ్లు విత్తిరి. వాళ్లకూ కాయ కాలేదు. అయితే కట్టె వచ్చె. గొడ్లకు మేపుకుండిరి. మాయి రెండెద్దులూ సంతకు పాయె." నా వైపు తిరిగింది. "కాయ రాకున్నా కట్టె వస్తాది పాపా. ఎండాకాలం గొడ్డు బతుకుతాది. అది నీ కథలో యాడుండాది?"

లేదు. కాయ కోసుకున్నాక మిగిలే ఎండు మొక్కను కట్టె అంటారనీ, అదే పశువుల మేత అనీ ఆ రోజుకు నాకు తెలియదు. ఏడవమంటే ఏడవకుండా ఆమె కట్టిన మోపు అదే. నేను కత్తిరించి పారేసింది అదే.

"ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" నా గొంతులో కోపం ఉంది.

"నువ్వు అడిగితివా? ఇది చెప్పు అని కాగితమిస్తివి."

మార్చంతా కూర్చుని కథను మళ్లీ కట్టాను. ఏప్రిల్‌లో బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చాడు. రెండు నొక్కాడు, చేను బీడు పడింది. మళ్లీ రెండు నొక్కాడు, పండింది. "ఇదేమమ్మా, నీ ప్రోగ్రాంలో తప్పుంది. ఒకే మీటకు రెండు జవాబులేంటి?" అన్నాడు. "తప్పు కాదు సార్, వాన" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మరి రైతు దీంట్లో నేర్చుకునేదేంటి?" నేను కట్టె గురించి మొదలుపెట్టాను. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు. మార్కులు గట్టెక్కడానికి సరిపోయేంత వేశారు. లైబ్రరీ ప్రోగ్రాం రాసినవాళ్లందరికీ నాకంటే ఎక్కువ వచ్చాయి.

జూన్‌లో, మార్కుల బాధ చెప్పుకోవడానికే అనుకుంటాను, భాగ్యతో కలిసి ఊరికి పోయాను. ముందు రోజు వాన పడింది. ఆకాశం ఇంకా మోడం పట్టి ఉంది. సుంకమ్మ పంచలో విత్తనం కాయలు ఒలుస్తోంది. మార్కులు ఎందుకు తగ్గాయని అడిగింది. సరైన జవాబు చెప్పలేదని తగ్గించారన్నాను. ఆమె ఓదార్చలేదు. నా ముందుకు చేటెడు కాయలు తోసింది. ఇద్దరం ఒలుస్తూ ఉన్నాం.

"భూమిలో పదునుండాది," అంది కాసేపటికి. "రేపు విత్తే గొర్రు దొరుకుతాది. తప్పితే మళ్లా వారానికి. చదువుకున్నదానివి, చెప్పు. విత్తేదా, ఆగేదా?"

వెక్కిరిస్తోందనుకుని ముఖం చూశాను. వెక్కిరింపు లేదు. నిజంగానే అడుగుతోంది. పక్కన ఆ ఏడాది విత్తనమంతా గోనెసంచిలో ఉంది.

"నాకు తెల్దు పెద్దమ్మా."

"నాకూ తెల్దు," అని ఇంకో పిడికెడు కాయలు తీసుకుంది.

తెల్లారి విత్తింది. గొర్రు వెనక విత్తనం పోసుకుంటూ తను నడిచింది, ఒక్క సాలు నా చేత కూడా పోయించింది. అంతదూరం నన్ను తిడుతూనే ఉంది. ఆ ఏడాది కాయ పట్టడానికి మొక్కల ఊడలు మట్టిలోకి దిగే వేళకు వాన తప్పిపోయింది. కాయ సగం కూడా రాలేదు, కట్టె మాత్రం వచ్చింది. నేను పోసిన సాలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట బోడిగా మొలిచిందనీ, దారిన పోయేవాళ్లందరికీ దాన్ని చూపించి మరీ నవ్విందనీ భాగ్య ఫోనులో చెప్పింది.

సుంకమ్మ ఇప్పుడు లేదు. కథలు కట్టడమే నా ఉద్యోగమయింది. డ్రైవర్లకూ నర్సులకూ పని నేర్పే కథలు, చూసేవాళ్లు దారి ఎంచుకునేవే. రాసే ముందు వాళ్ల మధ్య పోయి కూర్చుంటాను. నాతో పనిచేసే పిల్లలు గడువు దాటిపోతోందని విసుక్కుంటారు. పోయిన నెల ఒక నర్సమ్మ నేను ఎంతో కష్టపడి రాసినదంతా చదివి, "ఇట్ల ఎవరూ చేయరు మేడం" అని కాగితాలు తిరిగిచ్చేసింది. ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది. అవి బల్ల మీద బోర్లా పెట్టి, కుర్చీ ఆమె దగ్గరకు లాక్కుని, "మరి ఎట్ల చేస్తారో చెప్పమ్మా" అన్నాను.