ఎడ్లబండి మీద మోటార్ సైకిల్

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. మాది గుంటూరైనా, మందులు అమ్మే ఉద్యోగం కాబట్టి ఆదిలాబాద్ జిల్లాలో మోటార్ సైకిల్ మీద తిరిగేవాణ్ణి. ఒకసారి, రెండు రోజులుగా సరైన నిద్ర లేకుండానే మందమర్రిలో పని ముగించుకుని, మిట్టమధ్యాహ్నం ఆసిఫాబాద్ బయలుదేరాను. దగ్గర పడింది కదా అని దారిలో ఎక్కడా ఆగలేదు. హ్యాండిల్ పట్టుకునే కునుకు తీశాను.

కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి తుప్పల్లో ఆగి ఉంది. ఎదురుగా వచ్చిన ఎడ్లబండి నాకు జానెడు దూరంలో ఉంది. ఎడ్లే పక్కకు తప్పుకున్నాయి. బండిలో ముసలాయన నిద్రపోతున్నాడు. కుదుపుకు లేచి, నా కళ్లలోకి చూశాడు.

"పండుకోని నడుపుతున్నవా సారూ?"

నాకు ఒళ్లు మండింది. "మీరూ నిద్రపోతూనే వస్తున్నారుగా!"

"నేను పండుకుంటె ఎడ్లు మెలకువతోని ఉంటయి. నువ్వు పండుకుంటె నీ బండికి ఎవలు మెలకువతోని ఉంటరు?"

ఆసిఫాబాద్ దాకా పోవాలని చెప్పాను. ఆయన ఎడ్లను విప్పి, ఖాళీ బండిని వెనక్కి వాల్చాడు. ఇద్దరం మోటార్ సైకిల్‌ను పైకి తోసి తాడుతో కట్టాం. "జర పండుకో" అని నాకు పక్కనే గడ్డి పరిచి, ఎడ్లను మళ్లీ కట్టి, వచ్చిన దారినే ఆసిఫాబాద్ వైపు బండి మళ్లించాడు.

ఆయన లేపేసరికి ఊరు వచ్చేసింది. ఆయన కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము. దారంతా ఎడ్ల ముందు నడిచే వచ్చాడు.

"ఎక్కి కూర్చోవలసింది పెద్దాయనా!" అన్నాను నొచ్చుకుని.

"కూసుంటె నాకు నిద్ర పడ్తది సారూ. ఎడ్లకు ఎరుకున్నది మా ఇంటి తొవ్వ ఒక్కటే. నేను పండుకుంటె అవి నిన్ను మా ఊరికి తీస్కపోతయి."

నా మోటార్ సైకిల్ దింపి, ఎడ్లను ఇంటిదారికి తిప్పి, అప్పుడు బండెక్కి పడుకున్నాడు.