నాలుగో బోల్టు కొసరు

2022లో, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో, చెన్నైలో వ్యాసర్పాడి రైల్వే యార్డు వెనక ఉన్న మా వర్క్‌షాపుకు ఏస్తేరమ్మ వచ్చింది. ఆమెది నాలుగు వీధులకు పేరున్న కారం మిల్లు. నాది ఫౌండేషన్ బోల్టుల తయారీ. ఎన్నూరు వైపు కట్టే పెద్ద పెద్ద షెడ్ల కింద, ఇంతింత యంత్రాల కింద నేను చేసిన బోల్టులు చాలానే పాతుకుని ఉన్నాయి. అయినా మీ పనిలో బాగా గుర్తుండిపోయింది ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ చిన్న మిల్లు సంగతే.

ముందు బోల్టు అంటే ఏమిటో చెప్పాలి. మందపాటి ఇనుప కడ్డీ తీసుకుని ఒక కొసను కొక్కెంలా వంచుతాం. ఆ కొస కాంక్రీటులో కూరుకుపోతుంది, ఇక ఎవరు లాగినా రాదు. రెండో కొసను రోలింగ్ మిషన్లో రెండు డైల, అంటే గాళ్లున్న ఉక్కు అచ్చుల, మధ్య దొర్లించి థ్రెడ్, అంటే మరలు, ఎక్కిస్తాం. ఈ కొస నేలపైకి నిలబడి ఉంటుంది. దానికి ముందు ఒక నట్టు తొడిగి, దాని మీద యంత్రం పీఠాన్ని కూర్చోబెట్టి, పైన ఇంకో నట్టు బిగిస్తాం. కిందిదాన్ని లెవెలింగ్ నట్టు అంటాం. అటు తిప్పితే యంత్రం ఆ మూల లేస్తుంది, ఇటు తిప్పితే దిగుతుంది. ఏనుగంత బరువునైనా ఒక స్పానరుతో వెంట్రుకవాసి ఎత్తొచ్చు. మా విద్య మొత్తం ఇంతే.

మా ఇంటివాళ్లది తరాల నుంచీ పప్పుల టోకు వ్యాపారం. మా పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. నా పెళ్లిలో మా అమ్మ పురోహితుణ్ణి పక్కకు పిలిచి, మంత్రాలు కాస్త గబగబా చదివితే ఎంత తగ్గిస్తారని అడిగింది. పప్పుకు పురుగు పడుతుందని భయపడి నేను ఇనుములోకి వచ్చాను. ఇనుముకు తుప్పు పడుతుందని ఎవరూ చెప్పలేదు.

ఏస్తేరమ్మకు యాభై దాటి ఉంటాయి. భర్త యార్డులో మూటలు మోసి మోసి నడుం పడిపోయి ఇంట్లో ఉన్నాడు. ఇల్లు గడిచేది మిల్లు మీదే. పాతది చిన్న యంత్రం, అరిగిపోయింది. కొత్తగా పెద్ద పల్వరైజరు, అంటే మిరపకాయలూ ధనియాలూ పొడికొట్టే యంత్రం, కొన్నది. మిల్లు ఉన్నది కింది గదిలో. పైన ఆ ఇంటి యజమాని నాయుడుగారు ఉంటారు, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఒకటే షరతు పెట్టారట: కొత్త మిషను పెట్టుకో, కానీ నా ఇల్లు అదిరితే గది ఖాళీ చెయ్యి.

"ఈ వీధి వదిలి పోతే నా మొహం చూసి మిరపకాయలు తెచ్చేదెవరు సెట్టీ? అదరకుండా ఉండేట్టు నాకు బోల్టులు కావాల," అన్నది.

"అదరదు. కిలో ఇంత," అని ధర చెప్పాను.

"బోల్టు కూడా కిలో లెక్కేనా? వంకాయల మాదిరి?"

"వంకాయలో పుచ్చుంటుంది. ఇందులో ఉండదు."

"నాకాడ తూకం కతలు చెప్పొద్దు. నేనూ కిలోలతోనే బతికేది. సరే, మూడు చేసియ్యి."

"మూడేమిటమ్మా? యంత్రానికి నాలుగు మూలలు. నాలుగు బోల్టులు."

"పొయ్యికి ఎన్ని రాళ్లు?"

"మూడు."

"దాని మీద పెద్ద డేగిశా పెట్టి యాభై మందికి వండినాను చర్చిలో. కదిలిందా? మూడు చాలు."

"పొయ్యికి మోటారు లేదు కదమ్మా!"

"అయితే నాలుగోది నువ్వు కావాలంటా ఉండావు, నేను గాదు. నువ్వే పెట్టుకో. నేను మూడిటికే ఇస్తా."

మా ఫిట్టరు గోవిందు నాతో పాటు పదిహేనేళ్లుగా ఉన్నవాడు. డ్రిల్లింగు ఆపేసి మరీ నవ్వాడు. నన్ను ఇలా పట్టేసిన మనిషిని వాడు అంతకు ముందు చూడలేదు. ఇంకాసేపు గింజుకుని, చివరికి నాలుగో బోల్టు కొసరు కింద ఇస్తానని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక పరువు నిలబెట్టుకోవాలి కదా. మా నాన్న కొట్లో చిన్నప్పటి నుంచీ విన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "పెట్టి చూడమ్మా. నచ్చకపోతే తిరిగి తీసుకుంటా."

పప్పు అమ్మేవాడు అనాల్సిన మాట అది. నేలలో పాతే సరుకుకు చెల్లదని ఆ క్షణాన తట్టలేదు.

పని శ్రద్ధగానే చేశాం. కింద లెవెలింగ్ నట్టుకు చోటు ఉండాలని మరలు మామూలుకంటే పొడుగ్గా వేశాను. గదిలో నేల తవ్వి, చుట్టూ థర్మోకోల్ షీటు నిలబెట్టి, లోపల కాంక్రీటు దిమ్మె పోశాం. దిమ్మె గోడకు గానీ పాత నేలకు గానీ తగలదు కాబట్టి అదురు అక్కడే ఆగిపోవాలి. బోల్టులు అటూ ఇటూ పక్కకు జరగకుండా టెంప్లేటులో, అంటే చిల్లులు పెట్టిన చెక్క పలకలో, నిలబెట్టాం. దిమ్మెకు నీళ్లు కట్టి బాగా గట్టిపడనిచ్చి, చెయిన్‌తో యంత్రాన్ని దించాం. గోవిందు రసమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచేసి పై నట్లు బిగించాడు. ఏస్తేరమ్మ దణ్ణం పెట్టుకుని స్విచ్చి వేసింది.

యంత్రం గంగిరెద్దులా ఆడింది.

మెట్ల మీద నుంచి నాయుడుగారు కాఫీ టంబ్లరు పట్టుకుని దిగి వచ్చారు. టంబ్లరులో సగమే ఉంది. మిగతా సగం ఆయన పంచె మీద ఉంది.

"ఏందయ్యా ఇది? నా కాఫీలో మెరీనా కనపడతా ఉండాది," అన్నారు. తర్వాత ఏస్తేరమ్మ వైపు తిరిగారు. "సోమవారం దాకా చూస్తా. అప్పుడు కూడా ఇట్లే ఆడితే ఖాళీ చేయాల్సిందే తల్లీ. నేను మంచోణ్ణే. నా గోడ మంచిది గాదు."

ఆయన పైకి వెళ్లాక ఏస్తేరమ్మ నా వైపు చూసింది.

"నచ్చలా. తీసుకోని పో."

"ఏమిటి?"

"బోల్టులు. నచ్చకపోతే తిరిగి తీసుకుంటానంటివి గదా."

"అమ్మా, అవి కాంక్రీటులో ఉన్నాయి!"

"దాన్ని గూడా తీసుకోని పో. తూకం జాస్తి వస్తాది. నీకే లాభం."

గోవిందు మళ్లీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వించే మాటే అన్నది కానీ, అంటూ అంటూ మిల్లు తాళంచెవిని కొంగున ముడి వేసి, ఆ ముడిని విప్పి, మళ్లీ వేస్తోంది.

ఆ మర్నాడంతా మేము కుస్తీ పట్టాం. ఒక మూల ఎత్తితే ఎదుటి మూల తేలుతుంది. దాన్ని దించితే ఇంకోటి వదులవుతుంది. కుక్కిమంచం కోడు కింద పేడు పెట్టి సరిచేస్తాం చూడండి, అచ్చం అలాగే, కాకపోతే ఈ మంచం టన్నుకు దగ్గర. రసమట్టంలో బుడగ నడిమధ్య బుద్ధిగా నిలబడుతుంది. పై నట్లు బిగించగానే పక్కకు జారుకుంటుంది. గోవిందు యంత్రాన్ని తిట్టాడు, రసమట్టాన్ని తిట్టాడు, నాతో పరిచయమైన రోజును కూడా తిట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఏస్తేరమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. పొద్దున్నుంచీ ఎక్కడికి వెళ్లిందో చెప్పలేదు.

"ఎక్కడికమ్మా పోయొచ్చావు?" అన్నాను.

"మాధవరం. ఆడ పాల కాలనీ పక్కన ఒక రూము ఉందన్నారు, చూసొచ్చినా. బాగానే ఉండాది. కానీ ఆడ అందరూ పేకెట్టు కారం కొనేవాళ్లే సెట్టీ. ఒక్క మేడ మీద కూడా మిరపకాయలు ఎండబెట్టినట్టు కనపడలా."

ఆమె యంత్రం చుట్టూ ఒకసారి తిరిగింది. ఒక్కో నట్టునూ పగవాణ్ణి చూసినట్టు చూసింది.

"మూడు చాలంటే వింటివా? నాలుగోది ఇచ్చి పెట్టి నా మిల్లు ముంచితివి."

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నా నోరు తెరుచుకుంటే ఏదో ఒక మాట రాకుండా ఉండదు. ఆ రోజు మాత్రం మాటకంటే ముందు చూపు కిందికి పోయింది. ఎందుకంటే నేను కూర్చున్నది ఆమె మిల్లులోని ముక్కాలిపీట మీద. ఆ గది నేల పాతది, కడిగిన నీళ్లు పోవడానికి ఒక పక్కకు వాలుగా ఉంది. అక్కడక్కడా గుంటలు. పొద్దున్నుంచీ ఆ పీటను ఎక్కడ వేసుకున్నా అది ఒక్కసారి కూడా ఊగలేదు. మూడు కాళ్లుంటే మూడూ నేల మీద ఆనాల్సిందే, తేలేందుకు నాలుగోది లేదు. నాలుగు కాళ్లుంటే బరువు మూడింటి మీద పడి, ఒకటి దొంగలా తేలి ఉంటుంది. మేము పై నట్టు బిగించి ఆ తేలే మూలను బలవంతాన కిందికి లాగుతున్నాం. పీఠం మెలి తిరుగుతోంది. మెలి తిరిగిన పీఠం మీద ఏ యంత్రమైనా ఆడక ఏం చేస్తుంది?

"గోవిందూ, నాలుగో నట్టు కిందికి దించెయ్," అన్నాను.

"పూర్తిగానా?"

"పూర్తిగా. అది లేదనుకో. మూడింటి మీద మట్టం చెయ్."

అంతసేపు మొండికేసిన యంత్రం మూడు నట్ల మీద చెప్పినట్టు విన్నది. రసమట్టం నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా బుడగ మధ్యలోనే నిలిచింది. ఇప్పుడు నాలుగో నట్టును మెల్లగా పైకి తేవాలి. పీఠానికి తగలాలి, కానీ దాన్ని ఎత్తకూడదు. ఆ తేడా కంటికి ఆనదు. దానికి ఫీలర్ గేజి అని సందులు కొలిచే సన్నటి ఉక్కు రేకులు ఉంటాయి. అవి వర్క్‌షాపులో ఉన్నాయి.

"కాగితం సరిపోతుందా?" అంటూ ఏస్తేరమ్మ రవికలోంచి చిన్న పర్సు తీసి అందులోంచి మాధవరం బస్సు టికెట్ ఇచ్చింది. ఆడవాళ్లకు బస్సులో ఇచ్చే ఉచిత టికెట్. "ఇది గూడా ఊరికే వచ్చిందే. దీనికి లెక్క రాయబాక."

టికెట్‌ను పీఠానికీ నట్టు మీది వాషరుకూ మధ్య పెట్టి, గోవిందు నట్టును వేళ్లతోనే తిప్పుతూ పోయాడు. నేను టికెట్‌ను లాగుతూ ఉన్నాను. మొదట గాలికి వచ్చినట్టు వచ్చింది. తర్వాత కాస్త పట్టింది. ఇంకాస్త తిప్పాక గట్టిగా పట్టుకుంది, అయినా లాగితే చిరగకుండా బయటికి వచ్చింది.

"చాలు!" అని ముగ్గురం ఒకేసారి అన్నాం.

పై నట్లు బిగించాం. బుడగ కదల్లేదు. గోవిందు రసమట్టానికి ముద్దు పెట్టాడు. పీఠం కింద సందులో గ్రౌట్ పోశాం. అది ఆరినా కుంచించుకుపోని పల్చటి సిమెంటు. ఆదివారం అది గట్టిపడుతుంటే ఏస్తేరమ్మ చర్చికి వెళ్లొచ్చింది.

"మీ బోల్టులకు గూడా ప్రార్థన చేసినా," అన్నది.

"సంతోషం తల్లీ."

"మూడిటికే చేసినా. నాలుగోది నువ్వు చూసుకో."

సోమవారం పొద్దున నేను పైన నాయుడుగారి ఇంట్లో కూర్చున్నాను. ఆయన టంబ్లరు నిండా కాఫీ పోయించి నేల మీద, సరిగ్గా మిల్లుకు పైన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. కింద స్విచ్చి టక్కుమంది. సన్నగా తుమ్మెద ఝుంకారం లాంటి చప్పుడు వచ్చింది. కాఫీ మీద ఒక మడత లేచి, అంచుదాకా పోయి, అణిగిపోయింది. ఆ తర్వాత టంబ్లరులో నాయుడుగారి ఇంటి ఫ్యాను కనపడింది, రెక్కలతో సహా.

"మిషను ఆన్ చేసిందా లేదా?" అన్నారాయన.

జవాబు నేను చెప్పాల్సిన పని పడలేదు. కిటికీలోంచి మిరపకాయల ఘాటు వచ్చింది. నాయుడుగారు ఇల్లు అదిరేలా తుమ్మారు. కాలు తగిలి కాఫీ తొణికింది.

"ఇది లెక్కలోకి రాదండీ!" అన్నాను కంగారుగా.

"రాదులే. తుమ్ము నాది," అని ఆయన ముక్కు తుడుచుకుని, కిటికీలోంచి కిందికి కేకేశారు. "ఏస్తేరూ! గోడ ఒప్పుకునిందమ్మా. ఉండు ఈడే!"

కింద మిల్లు ఆగలేదు. ఆ చప్పుడులోనే ఆమె ఏదో అన్నది, వినపడలేదు. నేను దిగి వెళ్లేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. కారం అని చెప్పింది. కారమే అనుకుని ఒప్పుకున్నాను.

కొన్నాళ్ల తర్వాత ఒక ఇంజినీరు మా వర్క్‌షాపుకు వస్తే ఈ కథ గొప్పగా చెప్పాను. ఆయన, "దీన్ని సాఫ్ట్ ఫుట్ అంటారండీ, తేలే కాలు, ఇది అందరికీ తెలిసిందే," అన్నాడు. నాకూ ముందే తెలిసినట్టు తల ఊపాను. ఏదేమైనా అప్పటి నుంచీ నేను పంపే ప్రతి నాలుగింటిలో ఒక బోల్టు పైకొసకు పసుపు రంగు పూస్తున్నాను. అది కొసరు బోల్టని ఫిట్టర్లకు చెబుతాను. మూడింటి మీద మట్టం చేసి చివరికి దాన్ని తగిలించాలి, బిర్రుగా నొక్కకూడదు. బేరం కూడా ఇంతేనని నాకు అప్పుడే తెలిసింది. అవతలి మనిషికి తగిలేదాకా తిప్పాలి. ఆ తర్వాత ఇంకాస్త తిప్పితే వచ్చేది లాభం కాదు, మెలి.

తెలిసింది అన్నాను గానీ అలవాటైంది అనలేదు. ఈ మధ్య మా ఇంట్లోవాళ్లు నాలుగు కిలోల మిరపకాయలు ఇచ్చి పంపితే ఏస్తేరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అంతా పొడికొట్టి సంచి నా చేతికిచ్చి, "మూడు కిలోలకే ఇయ్యి సెట్టీ. నాలుగోది కొసరు," అన్నది. నా మనసు నిండిపోయింది. నిండిన మనసుతో ఊరుకోవచ్చు కదా. "సంచి గుడ్డకు పట్టిన కారం కూడా తూకంలో పోయింది కదా, ఇంకో గుప్పెడు వెయ్యి," అన్నాను.

ఆమె తల కూడా ఎత్తలేదు.

"చాలు సెట్టీ. టికెట్ చిరుగుతాది."