బస్తా కాదు, మనిషి

నా కళ్లజోడు మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే ఇది పగిలిపోయి, ఎదుటి మనిషి కూడా నాకు బస్తాలాగే కనిపించుగాక. ఈ పొద్దున మెదక్ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే వాన మొదలైంది. గొర్రెలు తోలుకుపోయే ఒకాయన తడిసిన గొంగడితో వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆ తడి ఉన్ని వాసన తగలగానే నసీమా ఆపా గొంతు వినిపించింది: “ఇంకెవరన్నరు?”

ఆపా అంటే అక్క; మా ఆఫీసులో అందరికన్నా సీనియరు. ఆఫీసంటే బట్టల దుకాణం పైన రెండు గదులు, వరసగా కంప్యూటర్లు. డ్రైవరు లేకుండా నడిచే కార్లకు లోకం చూపించడం మా పని. తెర మీదికి వచ్చిన ఫొటోలో ప్రతిదాని చుట్టూ గీత గీసి ఇది చెట్టు, ఇది కుక్క, ఇది మనిషి అని గుర్తు పెట్టాలి. ఆ కార్లు ఏ దేశంలో తిరుగుతాయని ఓసారి ఆపాను అడిగాను. “మనకేమెరుక బేటా? ఎవర్నీ గుద్దకుంటె సాలు” అంది. నాకు యాభై దగ్గరపడుతున్నా ఆమెకు బేటానే. బాత్రూంలో నీళ్లు రావడం లేదన్నా, కుర్చీ విరిగిందన్నా ఆమె మొదటి ప్రశ్న అదే: “ఇంకెవరన్నరు?” నా కోతల సంగతి తెలిసి నమ్మడం లేదేమో అనుకునేవాణ్ణి. ఆమె వెతుకుతున్నది తోడు అని తర్వాత తెలిసింది.

కంపెనీ మధ్యమధ్యలో, జవాబు ముందే పెట్టుకున్న ఫొటోలు పంపి మమ్మల్ని పరీక్షిస్తుంది. అలాంటి ఒక ఫొటోలో వాన, రోడ్డంచున నల్లటి ముద్ద. కంపెనీ జవాబు ‘బస్తా’. కౌడిపల్లి నుంచి వచ్చే సుజాత ‘మనిషి’ అని పెట్టింది. ఎన్నిసార్లు వచ్చినా అదే పెట్టింది. స్కోరు పడిపోయి లాగిన్ ఆగిపోయింది.

“సార్, గది బస్తా కాదు. గొంగడి కప్పుకొని కూసున్నడు. మా తాత వానల గిట్లనే కూసుంటడు” అని మేనేజరుకు చెప్పుకుంది.

“మీ తాతను తెచ్చి సిస్టంకు చూపిస్తవా? రేపటి నుంచి రాకు.”

మధ్యాహ్నం ఆపా టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. “సుజాత మనిషన్నది. ఇంకెవరన్నరు?” స్కోరు కోసం మేమంతా బస్తా అనే కొట్టాం. “అరె, కండ్లకు కనిపించిందేందో చెప్పుండ్రి.”

“మనిషే, ఆపా” అందొక అమ్మాయి. తర్వాత ఇంకొకరు. నేనూ ఊరుకోలేక, “నాకైతే ఆయన చుట్ట తాగుతున్నట్టు గూడ కనిపించింది” అన్నాను.

“నువ్వు జర ఆగు బేటా. నిజం సాలు. ఒక్కరంటే లొల్లి, అందరంటే లెక్క. రేపు గా ఫొటో ఎవరికొచ్చినా మనిషే.”

“అందరి లాగిన్లు పోతె?” అన్నారెవరో.

“పోతె ఫొటోలెవరు చూస్తరు, మేనేజరా? ఆయనకు గొంగడికీ గోనెకూ ఫరక్ తెల్వదు.”

మర్నాడు ఆ ఫొటో నాకూ వచ్చింది. వేలు అలవాటుగా బస్తా వైపు జారబోయింది. పక్క సీటులో మౌస్ చప్పుడు విని ‘మనిషి’ నొక్కాను. మధ్యాహ్నానికి అందరి స్కోర్లూ ఒక్కసారే కూలాయి. మేనేజరు ఏసీ గదిలోంచి చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. ఆ చెమట మెట్ల మీదుగా కారి కింద దుకాణంలో చీరలు తడిశాయి.

“ఒక్కొక్కరు లోపలికి రాండ్రి!”

“ఒక్కొక్కరం రాము సార్” అంది ఆపా. “అందరం వస్తం. సుజాతను గూడ పిలువుండ్రి.”

మమ్మల్నందరినీ తీసెయ్యాలా, ఒక్క జవాబు మార్చాలా అని కంపెనీ తేల్చుకునేసరికి సాయంత్రమైంది. జవాబు మారింది. సుజాత తిరిగొచ్చింది. ఆపా ఇప్పుడు పని మానేసి కూతురి దగ్గర ఉంటోంది. టిఫిన్ డబ్బాల ముందు “ఇంకెవరన్నరు?” అని ఇప్పుడు సుజాత అడుగుతుంది.

ఇక ఒప్పుకోలు. చీరలు తడిసిన మాట నిజమే, దుకాణంలో అడగండి. నేను కల్పించింది ఈ పొద్దుటి వానను, ఆ గొర్రెలాయనను. ఇవాళ మెదక్‌లో ఎండ మండిపోతోంది. ఆ వాసన లేకుండా ఆపా దగ్గరికి ఎలా వెళ్లాలో తోచలేదు. కానీ నిజంగా వాన పడిన రోజున, రోడ్డంచున నల్లగా ఏది కనిపించినా బండి ఆపి చూస్తాను. ఇంతవరకూ అన్నీ బస్తాలే. అయినా ఆపుతాను.